అమరావతి, కొండవీడు, సముద్రం: మూడింటికీ ఒక్క బస్సు వేయండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం.

మా మనవరాలు హైదరాబాదులో ఎనిమిదో తరగతి చదువుతోంది. గత డిసెంబరులో సెలవులకు గుంటూరు వచ్చినప్పుడు నన్ను ఒక్కటే కోరింది. "అమ్మమ్మా, పాత రాజధాని, కొండ, సముద్రం మూడూ ఒకే ప్రయాణంలో చూపిస్తావా?" అంది. విశాఖ, అరకు వెళ్లి రమ్మని మా అల్లుడు గారు టిక్కెట్లు కొనబోయారు. నేను వద్దన్నాను. ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని. ఆ మూడూ మనకు పూటలో చేరగల దూరంలో ఉన్నాయని, పైగా మూడూ ఒకే కథలోని భాగాలని నాకు తెలుసు. గుంటూరు నుంచి అమరావతి సుమారు ముప్పై అయిదు కిలోమీటర్లు. కొండవీడు అంతకంటే దగ్గర. బాపట్ల యాభై, అక్కడి నుంచి సూర్యలంక తొమ్మిది. రెండు రోజులు చాలనుకున్నాను. మూడు రోజులు పట్టింది, అయినా చివరిది సరిగా చూపించలేకపోయాను. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

మొదట శుక్రవారం బయలుదేరాలనుకున్నాం. అమరావతిలోని పురావస్తు మ్యూజియానికి శుక్రవారం సెలవని ఆఖరి నిమిషంలో తెలిసి శనివారానికి మార్చుకున్నాం. అమరావతి వరకు బస్సుకు లోటు లేదు. మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆ బస్సుల నిండా ఆడవాళ్లే. నా పక్కన కూర్చున్న ఇద్దరు అమరేశ్వరుడి దర్శనానికి వస్తున్నారు. గుడికి నడకదూరంలో మహాచైత్యం, అంటే పాత బౌద్ధ స్తూపం ఉందని చెబితే ఆశ్చర్యపోయి మాతోపాటు వచ్చారు. అమరావతి పక్కనున్న ధరణికోటే శాతవాహనుల కాలపు రాజధాని ధాన్యకటకమని, 1797లో ఆంగ్లేయ అధికారి కాలిన్ మెకంజీ వచ్చేనాటికే ఆ స్తూపం రాళ్లను కట్టడాలకు పెళ్లగిస్తున్నారని, 1845లో మరో ఆంగ్లేయ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసుకు, అక్కడి నుంచి ఓడెక్కి లండన్‌కు చేరాయని వాళ్లకు చెప్పాను. మట్టిదిబ్బ చుట్టూ నిలిచిన కొద్దిపాటి రాతి స్తంభాలను చూస్తూ వాళ్లలో పెద్దావిడ, "ఇన్నిసార్లు వచ్చాను, ఇటువైపు రమ్మని ఎవరూ చెప్పలేదమ్మా" అంది. ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది.

కొండవీడు దగ్గర అసలు ఇబ్బంది మొదలైంది. అమరావతి నుంచి నేరుగా వెళ్లే బస్సేమైనా ఉందా అని ఒక బస్టాండులో అడిగితే, గుంటూరు వెళ్లి కనుక్కోమన్నారు. గుంటూరులో అడిగితే చిలకలూరిపేట బస్సెక్కి హైవే మీద దిగి ఆటో చూసుకోమన్నారు. అప్పటికే మధ్యాహ్నం దాటింది కనుక ఇంటికి పోయి ఆదివారం పొద్దున మళ్లీ బయలుదేరాం. హైవే మీద దిగాక గంటసేపు ఎండలో నిలబడ్డాం. చివరికి కొండపైకి తీసుకెళ్లి తీసుకురావడానికి ఒక ఆటో అబ్బాయి తొమ్మిది వందలు అడిగాడు. అతన్ని తప్పుపట్టను. పైన మేము తిరిగినంతసేపూ అతనికి ఇంకో బేరం ఉండదు. కానీ నలుగురున్న కూలి కుటుంబం ఒకటి మా పక్కనే నిలబడి, ఆ ధర విని, పిల్లలను తీసుకుని వెనక్కి వెళ్లిపోయింది. ఘాట్ రోడ్డు వేసి కొండను జనానికి దగ్గర చేశారు, సంతోషం. ఆ రోడ్డు మొదలు వరకు చేరే దారి సామాన్యుడికి ఇంకా కొండవీటి చాంతాడంత పొడవుగానే ఉంది.

పైకి వెళ్లాక మాత్రం పడ్డ శ్రమంతా మరిచిపోయాం. కొండల నడుమ చెరువులు, కూలిన బురుజులు, వాటి మధ్య గాలి. రెడ్డిరాజులు అద్దంకి వదిలి ఇక్కడ ఎందుకు కోట కట్టుకున్నారో పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా అర్థం కాదు. ఆ గోడ మీద నిలబడి కిందికి చూస్తే ఒక్క నిమిషంలో తెలుస్తుంది. శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న కొలువు ఇదే. 1515లో శ్రీకృష్ణదేవరాయలు పట్టుకున్న దుర్గం ఇదే. "ఇంత పైన కూర్చుని వీళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చేది?" అని మనవరాలు అడిగింది. నా ఉద్యోగ జీవితంలో విన్న మంచి ప్రశ్నల్లో అది ఒకటి. జవాబు సముద్రం దగ్గర చూపిస్తానన్నాను.

ఆ జవాబు మోటుపల్లిలో ఉంది. ఇప్పుడు చినగంజాం మండలంలో చిన్న ఊరు. ఒకప్పుడు పెద్ద రేవు. తుపానుకు ఓడ దారితప్పి ఈ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు లాక్కునేవారు. కాకతీయ గణపతిదేవుడు 1244లో ఆ పద్ధతి మాన్పించి, ముప్పయ్యో వంతు సుంకం తప్ప వర్తకుల సొమ్ము ముట్టుకోబోమని రాతి మీద చెక్కించి అభయమిచ్చాడు. 1358లో కొండవీటి అనవోతారెడ్డి కూడా ఇక్కడే శాసనం వేయించి వర్తకులకు రాయితీలు ఇచ్చాడు. కొండ మీది కోట, ఒడ్డు మీది రేవు ఒకే రాజ్యానికి రెండు చేతులు. ఇంకా వెనక్కి వెళితే శాతవాహనుల నాణేల మీదే ఓడ బొమ్మ ఉంది. అమరావతి, కొండవీడు, సముద్రం వరుసగా చూసిన పిల్లకు ఇదంతా ఎవరూ బోధించనక్కర్లేదు. విడివిడిగా చూస్తే ఒకటి గుడి, ఒకటి విహారస్థలం, ఒకటి స్నానాల రేవుగా మిగిలిపోతాయి.

సోమవారం రైల్లో బాపట్ల వెళ్లి, సూర్యలంకలో కాసేపు ఉండి, చీరాలకు ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి, ఆ తర్వాత ఆటో. మోటుపల్లి వీరభద్రస్వామి గుడికి చేరేసరికి పొద్దు కుంకింది. ఏడువందల ఎనభై ఏళ్ల నాటి ఆ అక్షరాలను మా మనవరాలు ఫోను వెలుతురులో చేత్తో తడిమి చూసింది. ఫొటో కూడా సరిగా రాలేదు.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ప్రతి శనివారం పొద్దున్నే విజయవాడలో ఒక బస్సు బయలుదేరాలి. ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలు చూపించి అమరావతి, అక్కడి నుంచి గుంటూరు మీదుగా మధ్యాహ్నానికి కొండవీడు, రాత్రికి బాపట్ల చేరాలి. ఆదివారం తెల్లవారుజామున సూర్యలంక, ఎండ ముదరకముందే మోటుపల్లి, సాయంత్రానికి వెనక్కి. గుంటూరులో ఎక్కేవారికి గుంటూరులోనే సీటు ఇవ్వాలి. బస్సులో చరిత్ర చదివిన స్థానిక యువకుడినో, యువతినో ఒకరిని పెట్టాలి.

ప్రయాణికులు దొరకరని అంటారేమో. కార్తీకమాసంలో అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట అయిదు పంచారామాలనూ కలిపి ప్రత్యేక బస్సులు నడుస్తున్నాయి కదా. తెల్లవారకముందే లేచి, పులిహోర కట్టుకుని ముసలివాళ్లు కూడా వెళుతున్నారు. దారిని ఒకసారి కలిపి పెడితే జనం వస్తారని ఆ బస్సులే రుజువు చేశాయి. అవి అన్ని జిల్లాలు దాటుతున్నప్పుడు, 2022లో జిల్లాలు విడిపోయి అమరావతి, కొండవీడు పల్నాడుకు, సూర్యలంక బాపట్లకు వెళ్లాయన్నది అడ్డంకి కాకూడదు. ఈ జిల్లాల అధికారులు ఒక్క పూట కూర్చుంటే తేలే పని.

సముద్రం విషయంలో ఒక్క జాగ్రత్త తప్పనిసరి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. ఆ నెలల్లో వాతావరణ హెచ్చరిక ఉన్న వారం బస్సు ఆపి డబ్బు తిరిగి ఇవ్వాలి. సూర్యలంకలో స్నానాలకు దిగినవారు అలలకు కొట్టుకుపోయిన వార్తలు మీ పత్రికలోనే చదువుతుంటాం. కనుక దిగే చోట ఈతగాళ్లు ఉన్నప్పుడే ప్రయాణికులను నీళ్లలోకి వదలాలి. ఇక మ్యూజియం సెలవు రోజు, గుహలు మూసే వేళ, తిరుగు బస్సు సమయం తెలుగులో రాసిన ఒక పెద్ద బోర్డు విజయవాడ, గుంటూరు బస్టాండుల్లో పెట్టడానికి బస్సు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

మా మనవరాలు సంక్రాంతికి మళ్లీ వస్తానంది. మోటుపల్లి శాసనాన్ని పగటి వెలుగులో చూపిస్తానని మాటిచ్చాను. ఆలోగా ఒక్క శనివారమైనా ఈ బస్సును నడిపి చూడమని పర్యాటక, రవాణా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మొదటి సీటుకు డబ్బు కట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని,
బ్రాడీపేట, గుంటూరు