కార్డుకు మూడు రంగులు చాలు

సంపాదకులకు,

క్రిస్మస్, సంక్రాంతి శుభాకాంక్షల కార్డులను బడుల్లో పిల్లల చేతే చేయిస్తున్నారు, సంతోషం. కానీ పెట్టెలోని రంగులన్నీ ఒకే కార్డు మీద పడుతున్నాయి. ముదురు ఆకుపచ్చ ఎక్కువగా, మీగడ తెలుపు అందులో సగం, బంగారు రంగు అక్కడక్కడ చుక్కలుగా వాడితే ఎన్ని కార్డులైనా ఒక జట్టుగా కనిపిస్తాయి. సంక్రాంతికైతే పసుపు, కుంకుమ ఎరుపు, తెలుపు.

250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువుండే) ఏ4 అట్టను సగానికి కోస్తే రెండు కార్డులొస్తాయి. మడిచే ముందు సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు వెంట గట్టిగా గీత నొక్కాలి. లేకుంటే మడత దగ్గర అట్ట పగిలి పీచు తేలుతుంది. తెల్ల జిగురులో నీరుంటుంది, ఎక్కువ పూస్తే పైన అంటించే పలుచని కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది. దానికి గ్లూ స్టిక్కే మేలు. మెరుపు పొడి మాత్రం దయచేసి వద్దు. ఎక్కువగా అది సన్నటి ప్లాస్టిక్కే, పిల్లల కళ్లలో పడుతుంది.

– చిత్రలేఖన ఉపాధ్యాయురాలు, ఏలూరు