శుక్రవారం సిమెంటు ఓడ: ఈసారి గ్రాబ్ లేదు

అందరికీ నమస్కారం.

శుక్రవారం ఉదయం 6 గంటల షిఫ్టులో సిమెంటు ఓడ పని మొదలవుతుంది. పూర్తిగా మూసి ఉండే స్క్రూ అన్‌లోడర్‌తో దించుతాం. ఆ షిఫ్టులో ఉన్నవారు 5:30కే బెర్తు (ఓడను కట్టే చోటు) దగ్గరికి రావాలి.

గ్రాబ్ (క్రేన్‌కు వేలాడుతూ సరుకును పట్టి ఎత్తే తొట్టి) తెరుచుకున్న ప్రతిసారీ లేచే పొడి మన ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. అందుకే ఈ మార్పు నాకు చాలా సంతోషం. స్క్రూ అన్‌లోడర్‌లో నిలువు గొట్టం కింది కొన సరుకులో మునిగి ఉంటుంది. లోపల తిరిగే స్క్రూ సిమెంటును పైకి తోస్తుంది. అక్కడి నుంచి మూత ఉన్న కన్వేయర్ల మీదుగా సైలోకు (సిమెంటు నిల్వ చేసే ఎత్తైన గోదాము) చేరుతుంది.

ఆపరేటర్లూ, ఆ కొనను సరుకు పైకి తేలనివ్వకండి. తేలితే దుమ్ము లేస్తుంది, దించే వేగమూ పడిపోతుంది. ఒకేచోట లోతుగా తవ్వకుండా పొరలు పొరలుగా తీయండి. లేదంటే పక్కనున్న గుట్ట కూలి యంత్రం మీద పడుతుంది.

మెయింటెనెన్స్ వారు గురువారం సాయంత్రంలోగా ఫిల్టర్ సంచులు, అతుకుల దగ్గరి రబ్బరు సీళ్లు చూడాలి. కరెంటు ఆపి తాళం వేయకుండా ఏ మూతా తెరవవద్దు.

చివర్లో లోడర్‌తో అడుగు ఊడ్చేటప్పుడు మాత్రం హోల్డులో (ఓడలో సరుకు ఉండే గది) దుమ్ము తప్పదు. దిగేవారికి మాస్కు, కళ్లద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి. చెమట పట్టిన చర్మంపై సిమెంటు పడితే కాలుతుంది, వెంటనే నీళ్లతో కడుక్కోండి.

వాన మొదలైతే పని ఆపి హ్యాచ్ (హోల్డు పైద్వారం) మూసేయాలి.

తర్వాత వచ్చేది గోధుమల ఓడ. ధాన్యపు దుమ్ము నిప్పురవ్వ తగిలితే పేలగలదు కాబట్టి దాని జాగ్రత్తలు విడిగా పంపుతాను.

శుక్రవారం వచ్చేవారు బుధవారం రాత్రిలోగా ఇక్కడే పేరు, మాస్కు సైజు రాయండి.