గంటస్తంభం ఉన్న ఊళ్లో కుళాయికి టైం లేదు: బహిరంగ లేఖ

మా వీధికి నీళ్లు వదిలే అధికారి గారికి,

నమస్కారం. విజయనగరంలో అద్దె ఇంట్లో ఉంటున్న చిన్న ఉద్యోగిని. మూడు అర్జీలు ఇచ్చాను. జవాబు రాలేదు కాబట్టి నలుగురి ముందూ రాస్తున్నాను.

మా కుళాయి ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి వస్తే మర్నాడు ఆరున్నరకు వస్తుంది. అందుకని మా అమ్మ రాత్రి కుళాయి తిప్పి ఉంచి, కింద స్టీలు పళ్లెం బోర్లించి పడుకుంటుంది. మొదటి చుక్క టంగుమనగానే లేస్తుంది. ఆవిడకు డెబ్బై ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పోయిన వారం చీకట్లో తడి గచ్చు మీద జారి మణికట్టు బెణికింది. అయినా పళ్లెం మానలేదు.

నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అనే కేంద్ర ప్రమాణం గురించి నాకు తగువు లేదు. వచ్చే నీళ్లు మాకు చాలు. టైం తెలియకపోవడమే మా టెన్షన్.

దయచేసి ఒక వేళ నిర్ణయించి వీధి మొదట్లో బోర్డు పెట్టించండి. మారితే ముందురోజే ఫోన్‌కు మెసేజ్ పంపించండి. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఇంటినిండా చుట్టాలుంటారు. ఆలోగా ఈ పని జరిపించాలని కోరుతున్నాను.

ఇట్లు,
వీధి చివరి ఇంటివాడు