బోర్డు చూసి పసివాడు ఆగుతాడా?

సంపాదకులకు,

తిరుచానూరు రోడ్డు వైపు ఒక అపార్టుమెంటులో ఉంటున్నాం. కింద ఈతకొలనుకు కంచె లేదు, పూలకుండీలే హద్దు. మొన్న ఆదివారం నేను కూరగాయల సంచి దించి తాళంచెవి వెతుక్కునేలోపే మా మూడేళ్ల మనవడు కుండీల సందులోంచి దూరి నీళ్ల అంచున కూర్చున్నాడు. ఒక చెప్పు అప్పటికే నీళ్లలో తేలుతోంది. కేకేస్తే ఉలిక్కిపడి జారతాడేమోనని నోరు నొక్కుకుని, మెల్లగా వెళ్లి రెక్క పట్టుకున్నాను.

అసోసియేషన్ వాళ్లను అడిగితే ‘కంచె వేస్తే అందం పోతుందమ్మా, బోర్డు పెట్టాం కదా’ అన్నారు. వాడికింకా అఆలే రావు!

మా అమ్మాయి ఉండే సిడ్నీలో సొంతింటి కొలనుకైనా కనీసం 1.2 మీటర్ల కంచె ఉండాలి. అడుగున సందు 10 సెంటీమీటర్లు మించకూడదు. గేటు కొలను వైపు కాక బయటికే తెరుచుకోవాలి, వదలగానే దానంతటదే మూసుకుని గడియ పడాలి. గేటుకు ఏదైనా అడ్డంపెట్టి తెరిచి ఉంచినా తప్పే. కంచె పక్కన ఎక్కడానికి వీలుగా కుర్చీ, కుండీ ఉండకూడదట. మా కుండీలైతే మెట్లలాగే ఉన్నాయి.

నగరపాలక సంస్థ ఇక్కడ కూడా కంచె, గేటు కళ్లారా చూశాకే కొలనుకు అనుమతివ్వాలి. ప్రస్తుతానికి నేనూ వాచ్‌మనూ కలిసి నైలాన్ తాడు కట్టాం.

– ఒక అమ్మమ్మ, తిరుపతి