మ్యాపులో కాలవ అవతల

ఒరేయ్ సత్యం,

నీ ఉత్తరం అందింది. "మున్సిపాలిటీ వాళ్లు కొట్లకు ప్రచారం చేసిపెట్టడమేంట్రా, ఇక్కడ లైసెన్సు ఫీజుకి తప్ప మా గుమ్మం తొక్కరే" అని వెక్కిరించావు. ఇంగ్లండులో ఈ పచ్చళ్ల కొట్టు పెట్టేదాకా నేనూ నమ్మలేదులే.

ఇక్కడ ఊరి నడిబొడ్డున కొట్లు ఒక్కొక్కటే మూతపడుతుంటే 2011లో ప్రభుత్వం మేరీ పోర్టాస్ చేత ఓ రిపోర్టు రాయించింది. టీవీలో షాపుల్ని బాగుచేసి పేరు తెచ్చుకున్నావిడ. మరుసటేడు మొదటి విడతగా 12 ఊళ్లకు కలిపి 12 లక్షల పౌండ్లు ఇచ్చారు. ఊరికి లక్ష చొప్పున అన్నమాట. డార్ట్‌ఫోర్డ్ అనే ఊళ్లో అందులోంచి పిల్లల కార్టూన్ పంది పెప్పా పిగ్ వేషానికి 1,600 పౌండ్లు పైగా పెట్టారని పేపర్లకెక్కింది. పంది వేషం చూడ్డానికి పిల్లలొస్తారు సరే, వాళ్లమ్మలు చెప్పుల కొట్లోకి కూడా దూరాలిగా!

మా ఊళ్లో అంత లేదు. కౌన్సిల్ వాళ్లు గ్రాంటు డబ్బుతో గోనెసంచులు కుట్టించారు, చిన్న కొట్లన్నీ చూపించే మ్యాపు అచ్చేయించారు, కొట్టుకో పూట ఫొటోగ్రాఫర్ని పంపారు. మ్యాపులో మా కొట్టుని కాలవ అవతల పెట్టారు. ఫోన్ చేస్తే "వచ్చే ఎడిషన్‌లో సరిచేస్తాం" అన్నారు. సంచులైతే చిన్న వ్యాపారుల శనివారం నాడే అయిపోయాయి. ఏటా డిసెంబరు మొదటి శనివారం దేశమంతా చేస్తారది. ఆ రోజు మా ఊళ్లో పార్కింగ్ ఉచితం. జనం మాత్రం సంచి పుచ్చుకుని ఎదురుగా సూపర్‌మార్కెట్‌కే పోయారు.

పనికొచ్చింది ఆ ఫొటోగ్రాఫరే. కుర్రాడు గంటసేపు ఒక్క జాడీ చుట్టూ తిరిగాడు. మీ చెల్లెలు మాగాయ జాడీ మీద వాసెన గుడ్డ విప్పుతుంటే, చేతిగాజుల దగ్గర నూనె మెరుస్తుండగా తీశాడు. అది పెద్దది చేయించి అద్దానికి అంటించాం. ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు ఆగి, "దాన్ని దేంతో తింటారు?" అని లోపలికొస్తున్నారు. మొన్న ఒకావిడ చీజ్‌తో తిన్నానని చెప్పి రెండో సీసా పట్టుకెళ్లింది!

ఇప్పుడు కొత్త టెన్షన్. గ్రాంటు అయిపోయింది కాబట్టి 'బిడ్' పెడదామంటున్నారు, అంటే బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్. మీ మెయిన్‌రోడ్డులో దసరాకి వర్తక సంఘం చందాలెత్తి సీరియల్ లైట్లు కడుతుందే, అలాంటిదే. కాకపోతే ఓటింగులో నెగ్గితే చందా చట్టప్రకారం కట్టి తీరాలి. మహా అయితే అయిదేళ్లు. నెగ్గాలంటే అవునన్నవాళ్ల ఓట్లూ ఎక్కువ రావాలి, వాళ్ల కొట్ల పన్ను విలువలూ (పన్ను వెయ్యడానికి సర్కారు కట్టే విలువలు) కలిపితే ఎక్కువుండాలి. మా కొట్టు పన్ను విలువ 9,500 పౌండ్లు. 12,000 దాటలేదు కనుక మామూలు పన్ను మాఫీ. ఈ చందాకి మాత్రం ఆ మాఫీ వర్తించదట. ఆ విలువ మీద నూటికి ఒకటిన్నర అంటున్నారు, అంటే ఏడాదికి 142 పౌండ్ల 50 పెన్నీలు. పక్కన మంగలి షాపాయన అప్పుడే వద్దని ఓటేసి పోస్టులో పడేశాడు. నేను మాత్రం, కొట్టుకో పూట ఫొటోగ్రాఫర్ అని కాగితం మీద రాసిస్తేనే అవునంటానని చెప్పొచ్చాను. సంచులైతే నా డబ్బుతో వద్దు.

నువ్వూ ఒక పని చెయ్యరా. మీ కొట్టు ముందున్న ఆ ఫ్లెక్సీ పీకేసి, మీ నాన్నగారు గజంబద్దతో గుడ్డ కొలుస్తున్న పాత ఫొటో ఉందే, అది పెద్దది చేయించి గుమ్మం పక్కన తగిలించు. ఎంతైందో రాయి. ఈసారి వచ్చేవాళ్లెవరైనా ఉంటే రెండు కిలోల మెంతులు పంపు, ఇక్కడివి చేదెక్కట్లేదు.

నీ
మూర్తి