‘మర్చిపో’ అంటే మరుపు రాదు

సంపాదకులకు నమస్కారం.

ప్రమాదమో దాడో లైంగిక హింసో ఎదురైన మనిషికి అయినవాళ్లు ముందుగా చెప్పే మాట ‘జరిగిందేదో జరిగింది, మర్చిపో’. ప్రేమతోనే అంటారు, కానీ అది పనిచేయదు. ఆ మనిషి మనసులో మిగిలింది జ్ఞాపకం ఒక్కటే కాదు. ‘నా వల్లే జరిగింది’, ‘నేనిక పనికిరాను’, ‘ఎవరినీ నమ్మకూడదు’ అని తన మీద తానే చెప్పుకున్న తీర్పు కూడా ఉంటుంది. కొన్నాళ్లకు సంఘటన వివరాలు మసకబారినా తీర్పు మసకబారదు, అదే తన స్వభావం అనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో 2022 నుంచి అమల్లో ఉన్న కూర్పు, ‘కాంప్లెక్స్ పీటీఎస్‌డీ’ (తీవ్రమైన, తరచూ పదేపదే ఎదురైన ఆఘాతాల తర్వాత మిగిలిపోయే మానసిక సమస్య) లక్షణాల్లో ఈ ఆత్మన్యూనతను స్పష్టంగా చేర్చింది.

ఇలాంటి జ్ఞాపకం తరచూ ముక్కలుగా వస్తుంది. ఒక వాసన, ఒక గొంతు నిన్ననే విన్నంత స్పష్టంగా ఉంటాయి, ఏది ముందు ఏది వెనుక అన్నది మాత్రం అందదు. ఆ తడబాటును అబద్ధానికి రుజువుగా చూడటం ఘోరమైన అన్యాయం. అడిగే తీరు కూడా జ్ఞాపకాన్ని మార్చేస్తుంది. 1974లో అమెరికాలో లోఫ్టస్, పామర్ అనే మనస్తత్వ పరిశోధకులు 150 మందికి కారు ప్రమాదం ఫిల్మ్ చూపించారు. కార్ల వేగాన్ని అడిగేటప్పుడు 50 మంది దగ్గర ‘తగిలినప్పుడు’ అన్నారు, మరో 50 మంది దగ్గర ‘బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అన్నారు. మిగతావారిని వేగం గురించి అడగలేదు. వారం తర్వాత పగిలిన గాజు చూశారా అంటే మొదటి గుంపులో 7గురు, రెండో గుంపులో 16 మంది చూశామన్నారు. ఫిల్మ్‌లో గాజు పగలనే లేదు. అందుకే ‘వాడు నిన్ను బెదిరించాడు కదా?’ అని అందించకూడదు. ‘తర్వాత ఏం జరిగింది?’ అని అడిగి, మౌనంగా ఉంటే ఉండనివ్వాలి.

మొదటి రోజుల్లో కావలసింది భద్రత, నిద్ర, తిండి, పక్కన ఒక మనిషి. కూర్చోబెట్టి అంతా చెప్పించడం మేలు చేయదు, కొందరికి కీడే చేస్తుంది. మొదటి నెలలో కలత సహజం, చాలామంది క్రమంగా తేరుకుంటారు. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, ఆ చోటునూ ఆ మాటనూ తప్పించుకు తిరగడం, తనను తాను నిందించుకోవడం పోకపోతే చికిత్స మొదలుపెట్టాలి. నిద్రమాత్రలతో నెట్టుకురావడం చికిత్స కాదు.

అలాంటి చికిత్సల్లో ఒకటి, మాటల ద్వారా ఆలోచనలను సరిచేసే ‘కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ’. సాధారణంగా 12 సిట్టింగులు. ఆ సంఘటన ఎందుకు జరిగిందనుకుంటున్నారో బాధితులే రాస్తారు, అందులో ఇరుక్కుపోయిన వాక్యాన్ని వెతికి పట్టుకుంటారు. ‘నేను ముందే గ్రహించాల్సింది’ అనేది ఎక్కువగా దొరికే వాక్యం. ఆ రోజు తెలిసిందేమిటి, ఆ తర్వాత తెలిసిందేమిటి అని విడదీసి రాస్తే, ఇవాళ్టి తెలివితో నిన్నటి మనిషికి శిక్ష వేస్తున్నామని వాళ్లకే కనిపిస్తుంది. జ్ఞాపకాన్ని నేరుగా ఎదుర్కొనే మరో చికిత్సా పద్ధతిలో 8 నుంచి 15 సిట్టింగులు పడతాయి. మొదట్లో కొందరికి బాధ పెరుగుతుంది. చికిత్స వికటించిందనుకుని ఇంట్లోవాళ్లు మాన్పించేది సరిగ్గా అప్పుడే. ఈ సంగతి వాళ్లకు ముందే చెప్పాలి.

మీ విలేకరులకు ఒక విన్నపం. ‘ఆ క్షణంలో మీకేమనిపించింది?’ అని బాధితుల ముందు మైకు పెట్టకండి. ‘అంత రాత్రివేళ ఎందుకు వెళ్లారు?’ అని అసలే అడగకండి. ఆ ప్రశ్న వాళ్లు అప్పటికే తమను తాము వందసార్లు అడుక్కుని ఉంటారు.

— మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తున్న పాఠకులు