తయారీ నెల బుకింగ్ రోజే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

2025 జనవరిలో విజయవాడలోని ఒక షోరూంలో కొత్త కారు కొన్నాను. కోరిన రంగు సిద్ధంగా ఉందని, సంక్రాంతిలోపే తాళాలు చేతికిస్తామని, పైగా 40 వేలు తగ్గిస్తామని చెబితే మా అదృష్టమే అనుకున్నాం. బండి తెనాలి చేరిన మూడో రోజున, వేగం 60 దాటగానే స్టీరింగులో సన్నగా వణుకు మొదలైంది. మా వీధి చివర టైర్ల షాపు కుర్రవాడు వంగి, టైరు పక్కభాగం మీద మట్టి తుడిచి నాలుగు అంకెలు చూపించాడు: 0824. అంటే ఆ టైరు 2024లో ఎనిమిదో వారంలో తయారైంది. "బండి చాన్నాళ్లు ఒక్కచోటే నిలబడింది సార్, నేలకానిన చోట టైరు చదునైపోయింది" అన్నాడు. ఆర్‌సీ వచ్చాక చూస్తే అందులో తయారీ నెల 2024 మార్చి అని ఉంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది టైర్లు కాదు. ఆ పది నెలల నడుమ సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో వాహనాలు మునిగాయి. ఆ రోజుల్లో ఈ కారు ఏ స్టాక్‌యార్డులో ఉందో నాకెవరూ చెప్పలేదు. సీటు బెల్టులు చివరిదాకా లాగి, డిక్కీలో స్టెప్నీ ఎత్తి బురద మరకల కోసం వెతికాను. అదృష్టవశాత్తూ ఏమీ కనబడలేదు. కొత్త కారు కొన్నవాడు చేయవలసిన పనేనా ఇది? షోరూంవారు రెండు టైర్లు మార్చి ఇచ్చారు కానీ, తయారీ నెల ముందే ఎందుకు చెప్పలేదంటే "మీరు అడగలేదు కద సార్" అన్నారు.

పాత స్టాకు అమ్మడమే తప్పని నేననడం లేదు. డీలర్లు అప్పు తెచ్చి బండ్లు నిలబెట్టుకుంటారు, వడ్డీ పెరిగేకొద్దీ ధర తగ్గించి వదిలించుకుంటారు; పదేళ్లు వాడుకునేవారికి అది లాభసాటి బేరమే కావచ్చు. అయితే నాలుగేళ్లకే అమ్మబోతే నా కారును బజారు 2024 మోడల్‌గానే లెక్కగడుతుంది. ఆ సంగతి తెలిసి ఉంటే 40 వేల దగ్గర ఆగేవాణ్ణి కాదు.

డీలరు ఇచ్చే అమ్మకపు ధ్రువపత్రం, అంటే ఫారం 21లో తయారీ నెల, సంవత్సరం రాసే గడి ఇప్పటికే ఉంది. కానీ ఆ కాగితం మన చేతికొచ్చేది డబ్బంతా కట్టేశాక. ఛాసిస్ నంబరులోని 17 అక్షరాల్లో పదోది చాలా కంపెనీల్లో సంవత్సరాన్ని సూచిస్తుంది, 2024కు ఆర్, 2025కు ఎస్ అన్నట్టు; కానీ సామాన్య కొనుగోలుదారుకు ఆ లిపి చదవడం ఎవరు నేర్పుతారు? ఫారం 21లోని ఆ ఒక్క గడినే కొటేషన్‌లోనూ, బుకింగ్ రసీదులోనూ ధర పక్కన తప్పనిసరి చేసి, కొనుగోలుదారు సంతకం తీసుకున్నాకే అడ్వాన్సు పుచ్చుకోవాలని రవాణా శాఖ డీలర్లను ఆదేశించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, తెనాలి